ఆపరేషన్ బోలో: రాడార్ ముందు కూర్చున్నవాడి వైపు నుంచి చూస్తే

మీరు అడిగింది ఇదీ. 1967 జనవరి 2న, ఆపరేషన్ బోలోలో, ఉత్తర వియత్నాం మీద అమెరికన్ ఎఫ్-4 ఫాంటమ్‌లు ఒక్క విమానం కూడా పోగొట్టుకోకుండా శత్రువు ఫైటర్ విమానాలు ఏడు మిగ్-21లను కూల్చాయంటారు కదా, అది కర్నల్ రాబిన్ ఓల్డ్స్ యుద్ధ నైపుణ్యమా, లేక ఒక జిత్తు పారి కలిసొచ్చిన అదృష్టమా? దానికి తోకగా ఇంకొకటి: మంచి ఫైటర్ పైలట్ అయితే మంచి నాయకుడు కూడా అయినట్టేనా?

నేను పైలట్‌ని కాను. ఫైటర్ కంట్రోలర్‌గా చాలా ఏళ్లు చేశాను. నేల మీద రాడార్ తెర ముందు కూర్చుని, పైన ఉన్న పైలట్‌కి శత్రువు ఏ దిక్కున, ఎంత ఎత్తులో, ఎంత దూరంలో ఉన్నాడో చెప్పే ఉద్యోగం అది. అందుకేనేమో, బోలో గురించి ఎప్పుడు చదివినా నా మనసు ఓల్డ్స్ కాక్‌పిట్‌లోకి పోదు. అవతలి పక్క రాడార్ ముందు కూర్చున్న ఆ పేరు తెలియని కంట్రోలర్ దగ్గర ఆగిపోతుంది. ఓల్డ్స్ వల పన్నింది అతని కోసం. ఆ ఒక్క సంగతి పట్టుకుంటే మీ రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

ముందు అప్పటి పరిస్థితి చెబుతాను. 1966 చివర్లో థాయ్‌లాండ్‌లోని తఖ్లీ, కొరాట్ స్థావరాల నుంచి ఎఫ్-105 థండర్‌చీఫ్‌లు బాంబులు మోసుకుని హనోయ్ వైపు వెళ్లేవి. పైలట్లు వాటిని ‘థడ్’ అని పిలిచేవాళ్లు. ఆ శరదృతువులో వాటికి శత్రు రాడార్‌ను రొదతో గందరగోళపెట్టే క్యూఆర్‌సీ-160 అనే జామింగ్ పాడ్‌లు వచ్చాయి. వాటి పుణ్యమా అని నేల మీద నుంచి వచ్చే సామ్ క్షిపణుల బెడద బాగా తగ్గింది. దాంతో మిగ్‌ల బెడద ముందుకొచ్చింది. మిగ్-21కి థడ్‌ని కూల్చాల్సిన పని కూడా లేదు. వెనక నుంచి దూసుకొచ్చి కనబడితే చాలు, తప్పించుకోవడానికి థడ్ పైలట్ బాంబులు వదిలేస్తాడు. బాంబులు అడవిలో పడ్డాయంటే ఆ రోజు దాడి వృథా అయినట్టే. మిగ్ ఒక్క గుండు కూడా కాల్చకుండా తన పని ముగించుకుని ఇంటికి పోయేది.

మరి వాటిని నేల మీదే కొట్టొచ్చు కదా అంటారు. కొట్టడానికి అనుమతి లేదు. మిగ్-21ల ప్రధాన స్థావరం ఫుక్ యెన్ మీద బాంబులు వేయడానికి వాషింగ్టన్ ఒప్పుకున్నది 1967 అక్టోబర్‌లో. అంతవరకూ మిగ్‌ని కొట్టాలంటే గాల్లోనే కొట్టాలి. గాల్లోకి ఎప్పుడు రావాలో, అసలు రావాలో వద్దో నిర్ణయించేది మాత్రం అవతలి కంట్రోలర్. ఫాంటమ్‌లు కనబడితే అతను మిగ్‌లను లేపడు. థడ్‌లు కనబడితేనే లేపుతాడు. తెలివైనవాడు ఎవడైనా అలాగే చేస్తాడు.

ఇప్పుడు ఆ తెర ముందు కాసేపు కూర్చోండి. తెర మీద చుక్కకు ముఖం ఉండదు, రెక్క మీద గుర్తు ఉండదు. అది ఏ విమానమో మీరు లెక్కగట్టుకోవాలి. ఏ దారిన వస్తోంది, ఏ వేళకు వస్తోంది, ఎంత ఎత్తులో, ఎంత వేగంతో వస్తోంది, నాలుగేసి ఎంత ఎడంతో ఎగురుతున్నాయి, రేడియోలో ఎలాంటి మాటలు వినబడుతున్నాయి, ఇవే ఆధారాలు. రోజూ అదే పని చేస్తుంటే కొన్నాళ్లకు చూడగానే తెలిసిపోతుంది. అప్పటికి హనోయ్ కంట్రోలర్‌కి అన్నిటికంటే గట్టి ఆధారం ఒకటి దొరికింది. జామింగ్ పాడ్‌లు థడ్‌లకే ఉన్నాయి, ఫాంటమ్‌లకు లేవు. తెర మీద ఆ రొద కనబడిందంటే వచ్చేవి బాంబులు మోసే విమానాలే. శత్రువు తనంతట తానే పేరు చెప్పుకుని వస్తున్నట్టు.

ఓల్డ్స్, అతని దగ్గర వ్యూహాలు చూసే కెప్టెన్ జాన్ స్టోన్, ఇంకొందరు కుర్ర అధికారులు కలిసి పట్టుకున్నది ఆ కొసనే. ఫాంటమ్‌లకు అవే పాడ్‌లు తగిలించారు. థడ్‌లు గాల్లో ఇంధనం నింపుకునే చోటే నింపుకున్నారు. వాళ్ల దారిలో, వాళ్ల ఎత్తులో, వాళ్ల వేగంతో వెళ్లారు. రేడియోలో వాళ్ల మాటలే వాడారు. ఒక్కో ఫ్లైట్‌కి, అంటే నాలుగు విమానాల గుంపుకి, కార్ల పేర్లు పెట్టారు: ఓల్డ్స్, ఫోర్డ్, రాంబ్లర్, అలా. (ఓల్డ్స్ అన్నది ఓల్డ్స్‌మొబీల్ కారు పేరూ అవుతుంది, కర్నల్ గారి ఇంటిపేరూ అవుతుంది. ఆ చిలిపితనం ఎవరిదో గానీ నాకు నచ్చింది.)

చెప్పుకోవడానికి తేలిగ్గా ఉంది గానీ చేయడం అంత తేలిక కాదు. పాడ్‌లు సరిగా పనిచేయాలంటే నాలుగు విమానాలూ ఒకదానికొకటి నిర్ణీత దూరంలో, కదలకుండా ఎగరాలి. మిగ్ కనబడితే చాలు ఎగబడాలని ఉవ్విళ్లూరే ఫాంటమ్ పైలట్‌కి ఇది పెద్ద పరీక్ష. శత్రువు గడ్డ మీద, తన మీదికి ఎవరో వస్తున్నారని తెలిసి కూడా, బరువు మోసే విమానంలా తలొంచుకుని తిన్నగా పోవాలి. ఆ ఓర్పు లేకపోతే జిత్తు మొత్తం బయటపడిపోతుంది. ఒక్కడు ఆత్రపడి పక్కకు తిరిగినా తెర ముందున్నవాడు పట్టేస్తాడు. నా అనుభవంలో కంట్రోలర్‌కి మొదట అనుమానం వచ్చేది అక్కడే: చుక్క ఎగరాల్సిన తీరులో ఎగరనప్పుడు.

పథకంలో ఇంకో లెక్క ఉంది. దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు గానీ నా దృష్టిలో అసలు తెలివి అదే. మిగ్-21 ఒకసారి లేస్తే సుమారు 55 నిమిషాలు గాల్లో ఉండగలదు. అందుకని ఫాంటమ్ ఫ్లైట్‌లను ఒకేసారి తోలకుండా ఐదేసి నిమిషాల ఎడంతో పంపాలనుకున్నారు. మొదటి ఫ్లైట్ ఇంధనం అయిపోయి వెనక్కి తిరిగేసరికి తర్వాతిది వచ్చి ఉంటుంది. మిగ్ దిగుదామంటే దిగలేదు, ఉందామంటే ఇంధనం ఉండదు. పడమటి నుంచి ఓల్డ్స్ నడిపే 8వ వింగ్ (కొన్ని స్క్వాడ్రన్లు కలిసిన దళం) వస్తే, తూర్పు నుంచి దా నాంగ్‌లోని 366వ వింగ్ వచ్చి చైనా వైపు పారిపోయే దారి మూసేయాలి. అటూ ఇటూ కలిపి 14 ఫ్లైట్‌లు. ఆ వేళకు అక్కడ అమెరికన్ విమానాలు ఇంకేవీ ఉండవు కాబట్టి, మొదట వెళ్లిన ఫ్లైట్ తన వాళ్లవి కాని ప్రతి విమానాన్నీ శత్రువుగా లెక్కగట్టి దూరం నుంచే క్షిపణి వదలొచ్చు. కంటితో చూసి పోల్చుకునే దాకా ఆగనక్కర్లేదు. ఫాంటమ్‌కి ఇది పెద్ద వరం.

ఆ రోజు ఇందులో చాలా భాగం జరగలేదు. ముసురు వల్ల జనవరి 1న అనుకున్నది 2కి వాయిదా పడింది. రెండో రోజు కూడా ఫుక్ యెన్ మీద మబ్బు దట్టంగా పరుచుకుని ఉంది. తూర్పు నుంచి రావాల్సినవాళ్లు ఆ వాతావరణంలో పని కానిచ్చుకోలేకపోయారు. మబ్బు వల్లనే మిగ్‌లు లేవడం కూడా ఆలస్యమైంది. ఓల్డ్స్ స్థావరం మీదుగా వెళ్లాడు, ఎవరూ రాలేదు. వెనక్కి తిరిగి మళ్లీ వచ్చాడు. ఈలోగా వెనకున్న ఫోర్డ్ ఫ్లైట్ వచ్చేసింది. ఇక కనబడిన ప్రతిదాన్నీ శత్రువనుకోవడం కుదరదు, తన వాళ్లనే కాల్చే ప్రమాదం ఉంది. కంటితో పోల్చుకోకుండా కాల్చొద్దని ఓల్డ్స్ చెప్పాల్సి వచ్చింది. పథకంలోని పెద్ద సౌకర్యం, పోరు మొదలవక ముందే పోయింది.

అప్పుడు మబ్బు చీల్చుకుని మిగ్‌లు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. బాంబులు మోసే థడ్‌లు కనబడతాయనుకుని వచ్చిన వాళ్లకు ఫాంటమ్‌లు ఎదురయ్యాయి.

ఓల్డ్స్ తన మొదటి మిగ్ మీద వదిలిన క్షిపణులు తగల్లేదు. రాడార్‌తో నడిచే స్పారోలు గురి తప్పాయి, వేడిని వెతుక్కుంటూ పోయే సైడ్‌వైండర్ మబ్బు వైపు పోయింది. అప్పటి క్షిపణుల తీరే అంత. ఆ రోజు మొదటి మిగ్‌ని కూల్చింది అతని పక్కన నంబర్ టూగా ఎగురుతున్న ఫస్ట్ లెఫ్టినెంట్ రాల్ఫ్ వెటర్‌హాన్. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

తర్వాత ఓల్డ్స్‌కి ఎడమ వైపు ఇంకో మిగ్ కనబడింది. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫాంటమ్ పైలట్లు చాలామంది దెబ్బతిన్నది సరిగ్గా ఇలాంటి చోటే. మిగ్-21 చిన్నది, తేలికైనది, బిగువుగా తిరుగుతుంది. ఫాంటమ్ బరువైనది, దాని ఇంజిన్ల నల్లటి పొగ చాలా దూరానికి కనబడుతుంది. తిరుగుతున్న మిగ్ వెంట అదే తలంలో తిరగబోతే ఫాంటమ్ వేగం పోగొట్టుకుంటుంది, లేదా మిగ్ వెలుపలికి దూసుకుపోయి దానికే వీపు చూపిస్తుంది. ఓల్డ్స్ ముక్కు పైకెత్తాడు. మిగ్ ఎడమకు తిరుగుతుంటే తను కుడికి బారెల్ రోల్, అంటే పీపా గోడ వెంట తిరిగినట్టుండే పల్టీ, వేశాడు. చూసేవాడికి దాన్ని వదిలేసి పోతున్నట్టే ఉంటుంది. వేగం ఎత్తుగా మారింది, రోల్ మధ్యలో తలకిందులుగా మిగ్ పైన ఉన్నాడు. తల పైకెత్తితే గాజు కప్పులోంచి కింద మిగ్ తిరుగుతూ కనబడుతోంది.

అక్కడ ఆగాడు. నాకు ముచ్చటేసేది ఆ ఆగడమే. అప్పటి సైడ్‌వైండర్‌కి శత్రువు తోక వైపు, సన్నని కోణంలోంచి మాత్రమే ఇంజిన్ వేడి సరిగా దొరుకుతుంది. తొందరపడి దిగితే కోణం చాలదు. మిగ్ తన మలుపులో ముందుకు జరిగి, దూరం, కోణం రెండూ కుదిరేదాకా తలకిందులుగానే ఉండి, అప్పుడు రోల్ పూర్తిచేసి దాని వెనక, కొంచెం కిందికి జారాడు. దూరం ఒకటిన్నర కిలోమీటరు లోపే. మిగ్ పైకి లేస్తోంది, సూర్యుడు క్షిపణి కంట్లో పడని వైపు. హెడ్‌సెట్‌లో సైడ్‌వైండర్ గుర్రుమంది, వేడి దొరికిందని అది చెప్పే తీరు అదే. రెండు వదిలాడు. ఒకటి తగిలి మిగ్ కుడి రెక్క ఊడిపోయింది.

మొత్తం పోరు పావుగంట కూడా లేదు. యుద్ధంలోకి దిగింది 14 ఫ్లైట్‌లలో మూడే. అమెరికన్లు ఏడు కూల్చామన్నారు. వియత్నాం వాళ్లు ఐదు పోయాయని ఒప్పుకున్నారు, పైలట్లు పారాచూట్లతో బయటపడ్డారని చెప్పారు. గాల్లో పోరు లెక్కలు రెండు వైపులా ఎప్పుడూ కలవవు. ఐదైనా తక్కువేం కాదు. అప్పటికి ఉత్తర వియత్నాం దగ్గరున్న మిగ్-21లు పదహారు అని అమెరికన్ అంచనా.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: జిత్తే, అయితే అది గాలివాటుగా పారింది కాదు. పథకంలో సగం కూలిపోయినా మిగతా సగం నిలబడిందంటే, ప్రతి ముక్కా వేరే ముక్క మీద ఆధారపడకుండా కట్టారన్నమాట. తూర్పు వైపు రాకపోయినా, దూరం నుంచి కాల్చే వీలు పోయినా, మిగ్‌లు వచ్చాయి. అవి థడ్‌లను ఊహించుకుని వచ్చాయి. ఆ ఒక్కటీ చాలింది.

ఇక నాయకత్వం. ఓల్డ్స్ 1922లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లోని వాటిషాం నుంచి పి-38 లైట్నింగ్, తర్వాత పి-51 మస్టాంగ్ నడిపి పన్నెండు జర్మన్ విమానాలను కూల్చాడు. 1944 ఆగస్టులో ఒకసారి అదనపు ట్యాంకులు వదిలేసి లోపలి ట్యాంకులకు మార్చడం మరిచిపోయాడు. రెండు ఇంజిన్లూ ఆగిపోయిన విమానంతోనే ఒక జర్మన్ ఫైటర్‌ని కూల్చాడు. కొరియా యుద్ధానికి పంపమని అడిగితే పంపలేదు. 1966 సెప్టెంబర్ 30న థాయ్‌లాండ్‌లోని ఊబోన్‌లో 8వ వింగ్ పగ్గాలు తీసుకునేనాటికి అతనికి 44 ఏళ్లు. శత్రువు మీద కాల్చి ఇరవై ఏళ్లు దాటింది.

అలాంటివాడు చేయగలిగిన తప్పు ఒకటుంది: వచ్చిన మర్నాడే ముందు సీటులో కూర్చుని దాడి నడపడం. పన్నెండు విజయాలున్న కర్నల్‌ని ఎవరాపుతారు? ఓల్డ్స్ ఆ పని చేయలేదు. కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్‌లా చివరి స్థానాల్లో, తనకంటే చిన్న ర్యాంకు వాళ్ల వెనక ఎగురుతానని, వాళ్లు నేర్పితే నేర్చుకుంటానని, నేర్చుకున్నాక మాత్రం తనే ముందుంటానని చెప్పాడు. వింగ్ కమాండర్లు బల్ల దగ్గర కూర్చుని సంతకాలు పెట్టే రోజుల్లో ఇది పైలట్లకు వింతగానే ఉండి ఉంటుంది. హనోయ్ వైపు వెళ్లే గట్టి దాడుల్లో తనే ఉండేవాడు. తిరిగి వెళ్లేలోగా 152 యుద్ధ ప్రయాణాలు చేశాడు.

ఇది వినయం కోసం చేసిన వినయం అని నేననుకోను. ఇందులో పక్కా ప్రయోజనం ఉంది. నంబర్ ఫోర్‌గా వెనక ఎగిరితే ముందుండి నడిపే లీడ్‌కి కనబడనివి కనబడతాయి: ఎవరి రేడియో అరుపులతో నిండిపోతుంది, మలుపులో ఎవరు వెనకబడతారు, మిగ్‌లు ఏ వేళకు ఏ పక్క నుంచి వస్తాయి. బోలో పుట్టింది ఆ గమనికల్లోంచే. పథకాన్ని స్టోన్ లాంటి కెప్టెన్ చేతికి ఇవ్వగలిగాడంటే, ఎవరి చేతికి ఇవ్వొచ్చో వెనక నుంచి చూసి ఉన్నాడు కాబట్టే. స్టోన్ ఆ రోజు రాంబ్లర్ ఫ్లైట్ నడిపాడు, ఏడు విజయాల్లో మూడు ఆ ఫ్లైట్‌వే. ఫోర్డ్‌ని నడిపిన డేనియల్ ‘చాపీ’ జేమ్స్ తను ఏమీ కూల్చలేదు, కూల్చింది అతనికి జతగా ఎగిరిన వింగ్‌మాన్. ఆ జేమ్సే తర్వాత, 1975లో, అమెరికాలో ఫోర్-స్టార్ జనరల్ అయిన తొలి నల్లజాతి అధికారి.

వెటర్‌హాన్ దగ్గరికి వద్దాం. అప్పటి అమెరికన్ పద్ధతిలో లీడ్ కాలుస్తాడు, నంబర్ టూ అతని వీపు కాస్తాడు. వీపు కాయడమంటే కూల్చే అవకాశం వదులుకోవడం. బోలోలో తొలి మిగ్ నంబర్ టూకి దక్కింది. అందరికంటే ముందు లెఫ్టినెంట్ కూల్చినా ఎవరికీ చిన్నతనం అనిపించని వింగ్ అది. అలాంటి వాతావరణం ఒక రోజు బ్రీఫింగ్‌తో రాదు.

మీ రెండో ప్రశ్నకు, అంటే మంచి పైలట్ మంచి నాయకుడవుతాడా అన్నదానికి, చరిత్రలో రెండు రకాలవాళ్లూ ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి చెందిన ఓస్వాల్డ్ బోల్కె 40 విమానాలు కూల్చాడు గానీ అతన్ని గుర్తుంచుకునేది 1916లో రాసిన పోరు నియమాలకు, ఏరికోరి తెచ్చుకుని నేర్పిన కుర్రాళ్లకు. ‘రెడ్ బారన్’గా పేరుమోసిన రిక్టోఫెన్ వాళ్లలో ఒకడు. అమెరికన్ నౌకాదళ పైలట్ జిమ్మీ థాచ్, జపాన్ జీరో విమానం ఎలాంటిదో వచ్చిన నివేదిక ఒకటి చదివి, దాన్ని ఎదుర్కొన్న అనుభవం లేకుండానే, ఇంట్లో బల్ల మీద అగ్గిపుల్లలు పేర్చుకుంటూ రెండు జతల విమానాలు ఒకదానికొకటి అడ్డంగా అల్లుకుపోయే విన్యాసం కనిపెట్టాడు. మిడ్‌వే దగ్గర 1942లో అదే అతన్ని కాపాడింది. వీళ్లిద్దరికీ ఓల్డ్స్‌కీ ఉన్న పోలిక చేతివాటం కాదు. అవతలివాడికి ఏం కనబడుతుంది, అతను ఏం చేస్తాడు అన్నది ముందే కూర్చుని ఆలోచించారు, ఆ ఆలోచనను పక్కవాడు కూడా చేయగలిగేంత తేలిక చేశారు. మెరుపులా కొట్టి, ఎలా కొట్టాడో ఎవరికీ చెప్పలేని మహా పైలట్లు బోలెడంత మంది ఉన్నారు. వాళ్లను ఫ్లైట్‌లో పెట్టుకోండి, స్క్వాడ్రన్ అప్పజెప్పకండి.

ఓల్డ్స్‌లో లోపాలు లేవనను. పైవాళ్లతో పడేది కాదు, నియమాలంటే లెక్కలేదు. కావాలని పెంచిన ఆ పెద్ద మీసం దానికి గుర్తు, అమెరికా తిరిగి రాగానే వైమానిక దళాధిపతే తీసేయమన్నాడు. తుపాకీ విషయంలో అతని పట్టుదల మీద ఇప్పటికీ వాదన నడుస్తుంది. ఎఫ్-4సీకి సొంత తుపాకీ లేదు, కింద తగిలించే గన్ పాడ్ వచ్చింది. తుపాకీతో కాల్చడం నేర్వని కుర్రాళ్ల చేతికి ఇస్తే మిగ్‌తో మలుపుల పోరుకు దిగి చస్తారని అతను వద్దన్నాడు. వేరే వింగ్ ఆ పాడ్‌తోనే మిగ్‌లను కూల్చింది. నేనైతే అతని భయం సరైనదే, తీర్మానం అతిగా ఉంది అంటాను. ఫాల్కన్ క్షిపణి విషయంలో మాత్రం నూటికి నూరుపాళ్లూ ఒప్పు. కొత్త ఎఫ్-4డీలతో సైడ్‌వైండర్ బదులు ఏఐఎం-4 ఫాల్కన్ వచ్చింది. దాని కన్నును ముందుగా చల్లబరచాలి, చల్లబరిచే వాయువు రెండు నిమిషాలకు అయిపోతుంది, అయిపోతే ఆ క్షిపణి దండగ. పైగా నేరుగా తగిలితేనే పేలుతుంది, పక్క నుంచి పోతే పేలదు. గాల్లో పోరు క్షణాల్లో తిరిగిపోతుంటే ఎప్పుడు చల్లబరచాలో ఎవడికి తెలుసు? ఓల్డ్స్ తన విమానాల వైరింగ్ మార్పించి మళ్లీ సైడ్‌వైండర్లు పెట్టించాడు. అంతకుముందే, 1967 మేలో 4న ఒకటి, 20న రెండు మిగ్‌లను కూల్చడంతో అతని మొత్తం పదహారుకు చేరింది.

బోలో తర్వాత నాలుగు రోజులకే, జనవరి 6న, ఇంకో జిత్తు పారింది. రెండు ఫాంటమ్‌లు ఫోటోలు తీసే విమానంలా నటించి రెండు మిగ్-21లను కూల్చాయి. మూడోసారి మాత్రం ఎవరూ మోసపోలేదు. అవతలి కంట్రోలర్ నేర్చుకున్నాడు. మిగ్-21లు కొన్ని నెలలు తగ్గి ఉండి, ఆ ఆగస్టు నాటికి కొత్త పద్ధతితో వచ్చాయి: చాలా వెనక నుంచి, పైనుంచి, పెను వేగంతో ఒకే ఒక్క దాడి, ఆగకుండా పోవడం. మలుపుల జోలికే రాలేదు. అంత కచ్చితంగా వెనక్కి చేర్చింది మళ్లీ నేల మీద కూర్చున్నవాళ్లే.

ఓల్డ్స్ 1967 సెప్టెంబర్‌లో వెనక్కి వెళ్లి ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో క్యాడెట్ల అధిపతి అయ్యాడు. 1971లో భద్రతా విభాగం తరఫున థాయ్‌లాండ్ స్థావరాలు చూసి, మన పైలట్లు గాల్లో పోరుకు సిద్ధంగా లేరు, శిక్షణ చాలడం లేదు అని నివేదిక ఇచ్చాడు. 1972లో మళ్లీ హనోయ్ మీద దాడులు పెరిగినప్పుడు, బ్రిగేడియర్ జనరల్ ర్యాంకు వదులుకుని కర్నల్‌గా దిగి వింగ్ నడుపుతానన్నాడు. ఒప్పుకోలేదు. 1973లో రిటైరయ్యాడు. 1969లోనే గాల్లో పోరు నేర్పే టాప్‌గన్ బడి పెట్టుకున్న నౌకాదళం ఆ 1972 పోరులో మెరుగ్గా నిలిచింది. వైమానిక దళం శత్రువులా ఎగిరే విమానాలతో రెడ్ ఫ్లాగ్ విన్యాసాలు మొదలుపెట్టింది 1975లో.